మర్మూల్ నుంచి సలాలాకు ఎంతసేపు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, జూన్ నెలలో, నన్ను మస్కట్ ఆఫీసు నుంచి సలాలాకు మూడు నెలల సీజన్ డ్యూటీ మీద పంపారు. అప్పటికి నా రిటైర్మెంటుకు రెండేళ్లే మిగిలి ఉన్నాయి. నేను పనిచేసింది ఒక చిన్న చార్టర్ కంపెనీలో. ఎడారిలోని చమురు క్షేత్రాలకు షిఫ్టు సిబ్బందిని చేరవేయడం, అవసరమైతే రోగులను తీసుకురావడం మా పని. నా హోదా సీనియర్ ఫ్లైట్ డిస్పాచర్.

డిస్పాచర్ అంటే పార్శిళ్లు పంపేవాడని అనకాపల్లిలో మా బావమరిది ఇప్పటికీ అనుకుంటాడు. నిజానికి విమానం బయలుదేరే ముందు దాని ప్రయాణాన్ని కాగితం మీద నడిపి చూసేవాడు డిస్పాచరు. ఎంత దూరం, ఏ ఎత్తులో, గాలి ఎటు నుంచి, ఎంత ఇంధనం, దిగాల్సిన చోట వాతావరణం చెడితే ఏ రన్‌వేకు మళ్లాలి, ఇవన్నీ లెక్కగట్టి పత్రం తయారుచేస్తాడు. దాని మీద అతనూ కెప్టెనూ ఇద్దరూ సంతకం పెడతారు. తుది నిర్ణయం కెప్టెన్‌దే. కాని విమానం గాలిలోకి లేచాక నేల మీద దాని కోసం ఆలోచించే మనిషి మాత్రం డిస్పాచరే.

మన వైపు ఖరీఫ్ అంటే పంట. సలాలాలో ఖరీఫ్ అంటే ముసురు. ఒమాన్ అంతా ఎండకు వేగిపోతున్న రోజుల్లో సముద్రం మీది మబ్బు వచ్చి సలాలా వెనక కొండలకు ఆనుకుని కూర్చుంటుంది. రోజంతా తుంపర. ఆ పచ్చదనం చూడ్డానికి గల్ఫ్ నలుమూలల నుంచీ జనం కార్లేసుకుని వస్తారు. కొండ దాటి ఉత్తరానికి పోతే ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ మాడ్చేస్తుంది. మేము ఎక్కువగా తిరిగే మర్మూల్ ఆ ఎడారి పక్కన ఉంది. రెండు రన్‌వేల మధ్య దూరం సుమారు తొంభై నాటికల్ మైళ్లు, అంటే నూట అరవై డెబ్భై కిలోమీటర్లు. ప్రొపెల్లర్లతో ఎగిరే మా తొమ్మిది సీట్ల టర్బోప్రాప్ విమానానికి ముప్ఫై ఐదు నిమిషాల ప్రయాణం. రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి కార్లో మూడు గంటలు, కొండ మీద మంచు కమ్మితే నాలుగు. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. నన్ను ఇబ్బందిలో పడేసింది కూడా అవే.

జూలైలో ఒక పనిరోజు. ఉదయం తొమ్మిదీ నలభైకి సలాలా విమానాశ్రయంలోని మా ఆఫీసు గదిలో ఫోను మోగింది. మర్మూల్ దగ్గర ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు క్లినిక్కు నుంచి ఖాదర్ బాషా. ప్రొద్దుటూరు మనిషి, మేల్ నర్సు, పదేళ్లుగా ఎడారి క్యాంపుల్లోనే ఉన్నాడు. అంతకుముందు రెండు మూడు సార్లు రోగులతో మా విమానంలో వచ్చాడు. ఎప్పుడూ నింపాదిగా మాట్లాడేవాడు. ఆ రోజు పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు.

“సార్, సైట్‌లో పైపు జారి పిల్లోని కాలి మింద పడింది. మోకాలి కింద ఎముక ఇరిగిపోయింది. లాగి సరిజేసి కట్టు కట్టినా. కానీ పాదంలో నాడి దొరకడంల్యా సార్. పాదం సల్లబడతాంది. రగతనాళం తెగినట్టుంది.”

దెబ్బ తగిలింది తొమ్మిదీ పదికి. సలాలా ఆసుపత్రిలోని సర్జన్‌తో తాను అప్పటికే మాట్లాడానని చెప్పాడు. రక్తం అందని కాలుకు ఆరు గంటలు గడువని, ఆ లోపల ఆపరేషన్ బల్ల ఎక్కితే కాలు దక్కే అవకాశం ఉందని, ఆలస్యమయ్యే కొద్దీ కండ చచ్చిపోతుందని సర్జన్ అన్నాడట. క్యాంపు అంబులెన్సు గేటు దగ్గర ఇంజను ఆన్‌లో ఉంది. డ్రైవరు సిద్ధంగా ఉన్నాడు.

“ఇప్పుడే రోడ్డు మింద పంపీమంటారా, విమానం వస్తాదా? విమానంలో ఎంతసేపు పడతాది సార్?”

నేను క్షణం కూడా ఆలోచించలేదు. “ముప్ఫై ఐదు నిమిషాలు” అన్నాను.

“అట్లయితే అంబులెన్సు ఆపేస్తా సార్” అని పెట్టేశాడు.

నేను చెప్పింది తప్పు కాదు. మర్మూల్ నుంచి సలాలాకు విమాన ప్రయాణం ముప్ఫై ఐదు నిమిషాలే. పైగా మా విమానం ఎదురుగా నిలబడి ఉంది, పదిన్నరకు షిఫ్టు సిబ్బందితో బయలుదేరాల్సింది. ఆ ట్రిప్పు వాయిదా వేసి, పదికల్లా ఖాళీ విమానం పంపిస్తే పదీ ముప్ఫై ఐదుకు అక్కడ, పదకొండున్నరకు ఇక్కడ, పన్నెండుకు ఆసుపత్రి. కాగితం మీద ఈ లెక్క వేసుకునే కెప్టెన్ సాలిమ్‌కు ఫోన్ చేశాను.

సాలిమ్ ఒమాన్ సముద్రతీరంలోని సూర్ పట్టణం వాడు. వాళ్ల తాత పడవ నడిపేవాడట. వాతావరణం గురించి మాట్లాడేటప్పుడు తెర మీద అంకెల కంటే ముందు కిటికీలోంచి బయటికి చూసేవాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. నాతో హిందీలో మాట్లాడేవాడు. ఐదు నిమిషాల్లో ఆఫీసుకు వచ్చాడు, విషయం విన్నాడు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. రన్‌వే అవతలి కంచె కనిపిస్తోంది, దాని వెనక చెట్లు కనిపించడం లేదు.

“స్ట్రెచర్ బిగించారా?” అని అడిగాడు.

బిగించలేదు. అది నేను మరిచిపోయిన మొదటి విషయం. స్ట్రెచర్ పెట్టాలంటే కుడివైపు సీట్లు మూడు తీసేయాలి, నేలలోని పట్టాలకు స్ట్రెచర్ అడుగుభాగాన్ని బిగించాలి, ఆక్సిజన్ సిలిండర్ కట్టాలి, ఇంజనీరు తనిఖీ చేసి లాగ్ పుస్తకంలో సంతకం పెట్టాలి. ఇరవై ఐదు నిమిషాల పని. ఆ రోజు ఒక కొక్కెం పట్టక నలభై నిమిషాలు పట్టింది. ఇంజనీరు మోకాళ్ల మీద కూర్చుని చెమటలు కక్కుతూ దాన్ని అటూ ఇటూ కదుపుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి గడియారం చూస్తున్నాను. నేను అక్కడ నిలబడడం వల్ల అతని పని ఇంకా ఆలస్యమవుతోందని గ్రహించి పక్కకు వచ్చేశాను.

పదీ ఇరవైకి ఖాదర్ బాషా మళ్లీ ఫోన్ చేశాడు. “బయలుదేరిందా సార్?”

“ఇంకా లేదు. స్ట్రెచర్ బిగిస్తున్నారు.”

అతను నెమ్మదిగా అడిగాడు. “సార్, ముప్పై ఐదు నిమిషాలంటిరి గదా. నేను పిల్లోనికి గూడా అదే చెప్పినా. ఇప్పుడు అంబులెన్సు పంపీనా?”

నా ఉద్యోగంలో అంత బరువైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అంబులెన్సు అప్పుడు బయలుదేరితే ఒంటిగంటన్నరకో రెండింటికో ఆసుపత్రికి చేరుతుంది. విమానం మరో పావుగంటలో లేస్తే పన్నెండున్నరకు. కాని ఆ ‘లేస్తే’ నా చేతిలో లేదు. తొమ్మిదీ నలభైకే అంబులెన్సు వెళ్లి ఉంటే ఈపాటికి దారిలో నలభై నిమిషాలు గడిచేవి. అది ఆగింది నా మాట మీద.

“వద్దు. ఆగండి. పావుగంటలో లేస్తుంది” అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.

రెండో తప్పు పదిన్నరకు చేశాను. నేను వేసిన పత్రంలో ఇంధనం రానూపోనూ ప్రయాణానికి, దాని మీద నిబంధనల ప్రకారం ఉండాల్సిన నిల్వకు మాత్రమే సరిపోతుంది. మాకు మర్మూల్‌లో ఇంధనం పోయించుకునే ఏర్పాటు లేదు. సాలిమ్ పత్రం చూసి సంతకం పెట్టకుండా బల్ల మీద పెట్టాడు.

“ట్యాంకులు నింపించు” అన్నాడు.

“పదిహేను నిమిషాలు పోతాయి సాలిమ్. ముప్ఫై ఐదు నిమిషాల ప్రయాణానికి అంత ఇంధనం దేనికి?”

“వెళ్లడానికి కాదు. తిరిగి రాలేకపోతే?” అని కిటికీ వైపు చెయ్యి చూపించాడు. కంచె కూడా మసకబారింది. “ఒక్క రోగి, ఒక్క నర్సు. బరువు సమస్య లేదు. నింపించు.”

నేను వాదించాను. గొంతు పెంచాను కూడా. అక్కడ ఒక మనిషి కాలు చచ్చిపోతోందని, నువ్వు ఇక్కడ లీటర్లు లెక్కపెడుతున్నావని అన్నాను. అతను ఇంధనం బండికి తనే ఫోన్ చేశాడు. తుది నిర్ణయం కెప్టెన్‌దని మొదటే చెప్పాను కదా. ఆ నిబంధన ఎందుకు ఉందో ముప్ఫై ఏళ్ల సర్వీసులో నాకు ఆ రోజే పూర్తిగా అర్థమైంది. అయితే ఆ క్షణంలో కాదు. ఆ క్షణంలో నాకు అతని మీద కోపమే ఉంది.

పదీ యాభై ఏడుకు విమానం లేచింది. అప్పుడు రన్‌వే మీద చూపు ఆనే దూరం ఆరు వందల మీటర్లు. మా విమానానికీ మా పైలట్ల అర్హతకూ దిగేటప్పుడు కనీసం ఐదు వందల యాభై మీటర్లు ఉండాలి. అంతకంటే తగ్గితే దిగే ప్రయత్నం కూడా చేయకూడదు. పదకొండుంపావుకు ఐదు వందలు. పదకొండున్నరకు మూడు వందలు. కిటికీలోంచి చూస్తే మా వ్యాను పార్కింగ్ చేసిన గోడ కూడా కనిపించడం లేదు. సాలిమ్ మర్మూల్‌లో ఎర్రటి ఎండలో దిగాడు. వెనక్కి రావడానికి సలాలా మూసుకుపోయింది.

పదకొండూ ముప్ఫై ఐదుకు సాలిమ్ ఫోన్ చేశాడు. “ఎలా ఉంది?”

“మూడు వందలు. పన్నెండు దాటాక మెరుగుపడొచ్చని అంచనా ఉంది.”

“మెరుగుపడొచ్చు అంటే?”

ముసురు రోజుల్లో అంచనా అనేది ఎంత చదువుకున్నవాడు వేసినా అంచనాగానే ఉండిపోతుంది. కొండకు అవతల, ఎండ పక్కన తుమ్రైత్‌లో రన్‌వే ఉంది. కాని అది సైనిక స్థావరం, అనుమతి కావాలి. పదకొండు నుంచి నేను ఆ ప్రయత్నంలోనే ఉన్నాను. కనుక్కుని చెబుతామన్నారు. అనుమతి వచ్చినా అక్కడి నుంచి సలాలాకు దిగే కొండ దారి అదే మబ్బులో ఉంది, దాని నిండా పర్యాటకుల కార్లు పాకుతున్నాయి.

“సూర్యా, నా దగ్గర మస్కట్ వెళ్లేంత ఇంధనం ఉంది” అన్నాడు సాలిమ్.

మస్కట్. మూడు వందల డెబ్భై నాటికల్ మైళ్లు, సలాలాకు నాలుగు రెట్లు. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని కుడిచేత్తో లెక్క మొదలుపెట్టాను. ఇంతలో ఫోన్ చేతులు మారింది. ఖాదర్ బాషా.

“సార్, ఈసారి మొత్తం చెప్పండి. విమానం లేసినప్పటి నుంచి దిగేదాకా గాదు. ఇప్పుడు ఈడ నిలబడిండే కాడి నుంచి ఆపరేషన్ బల్ల దాకా చెప్పండి.”

అతను కోపంతో అనలేదు. అలా అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఒక నర్సు మోతాదు అడిగినట్టు అడిగాడు.

ఐదు నిమిషాలు టైమివ్వమన్నాను. ముందు మస్కట్‌లో మా ఆఫీసుకు ఫోన్ చేసి అంబులెన్సు నేరుగా విమానం దగ్గరికి వచ్చేలా అనుమతి తీసుకోమన్నాను. పగటి ట్రాఫిక్‌లో ఆసుపత్రికి ఎంత పడుతుందని అంబులెన్సు డ్రైవరునే అడిగించాను. నలభై అన్నాడు. సలాలా సర్జన్ మబ్బు చూసి అప్పటికే మస్కట్ ఆసుపత్రితో మాట్లాడాడని, రక్తనాళాల డాక్టరు డ్యూటీలోనే ఉన్నాడని నిర్ధారించుకున్నాను. తర్వాత ఖాదర్ బాషాకు ఒక్కో అంకే చదివాను. స్ట్రెచర్ ఎక్కించి ఇంజన్లు స్టార్టు చేసి లేవడానికి ఇరవై నిమిషాలు. గాలిలో గంటన్నర. దిగి ఆగడానికి ఐదు. అంబులెన్సులోకి మార్చడానికి పది. దారి నలభై. ఆసుపత్రి గుమ్మం దగ్గర రెండున్నర. ఆరు గంటల గడువు మూడూ పదికి ముగుస్తుంది.

“రోడ్డు?” అన్నాడు.

“మూడూ నలభై ఐదు. అంతకంటే ఎక్కువ కావచ్చు.”

“సలాలాలో మంచు ఇడిసిపోతే?”

“ఒంటిగంటకే చేరొచ్చు. విడిపోకపోతే పైన తిరిగి తిరిగి మళ్లీ మర్మూల్‌కే రావాలి. విడిపోతుందో లేదో నాకు తెలియదు ఖాదర్.”

ఆ ఉదయం నేను మొదటిసారి ‘తెలియదు’ అన్నది అప్పుడే.

“అయితే మస్కటే సార్” అన్నాడు. సాలిమ్ కూడా అదే అన్నాడు. నేను కొత్త పత్రం వేసి పంపాను. పదకొండూ యాభై ఏడుకు విమానం ఉత్తరానికి లేచింది.

తర్వాతి గంటన్నర నాకు చేయడానికి పనేమీ లేదు. తెర మీద ఒక చిన్న గుర్తు ఎడారి మీదుగా కదులుతోంది. అరనిమిషానికోసారి దాని స్థానం మారుతుంది. టీ తెప్పించుకున్నాను, తాగలేదు. పన్నెండుంపావుకు తల ఎత్తేసరికి వ్యాను కనిపించింది. తర్వాత కంచె. తర్వాత చెట్లు. పన్నెండూ ఇరవైకి రన్‌వే మీద చూపు పదిహేను వందల మీటర్లు. వేరే కంపెనీ విమానమొకటి మస్కట్ నుంచి వచ్చి నా కళ్లముందే చక్కగా దిగింది.

మర్మూల్‌లోనే ఇరవై ఐదు నిమిషాలు ఆగివుంటే ఆ మనిషి ఒంటిగంటన్నరకు ఈ ఊరి ఆసుపత్రిలో ఉండేవాడు.

అదే సమయానికి మస్కట్ నుంచి మా మేనేజర్ ఫోన్. తెర మీద సలాలా వాతావరణం తనూ చూస్తున్నాడు. “తెరుచుకుంది కదా, మస్కట్ ఎందుకు పంపావు? వెనక్కి పిలువు” అన్నాడు.

విమానం అప్పటికి మర్మూల్‌కు ఉత్తరంగా ఎనభై ఐదు మైళ్లు పోయింది. వెనక్కి తిప్పితే సలాలాకు ముప్పావుగంట, ఒంటిగంటా ఐదుకు దిగుతుంది. ముందుకే పోతే ఒంటిగంటన్నరకు మస్కట్. మిగిలేది ఇరవై ఐదు నిమిషాలు. ఆ ముప్పావుగంటా ఆకాశం ఇలాగే ఉంటుందని నమ్మితేనే అవి మిగులుతాయి. కిటికీ దగ్గరికి వెళ్లాను. సాలిమ్ నిలబడే చోటే నిలబడి చూశాను. దక్షిణాన, సముద్రం వైపు, నీటి మీద తెల్లటి గోడ అలాగే ఉంది. అది వెళ్లిపోలేదు, కొంచెం వెనక్కి జరిగింది అంతే.

“పిలవను సార్. ఉన్న వాతావరణం కెప్టెన్‌కు చెబుతాను. నా సలహా ముందుకు వెళ్లమనే” అన్నాను.

“బాధ్యత నీదే” అన్నాడు.

“నాదే.”

రేడియోలో సాలిమ్‌కు సలాలాలో చూపు ఎంతో, రెండు దారుల్లో దిగే సమయాలేమిటో చదివాను, సముద్రం మీద కనిపించింది కూడా చెప్పాను. “ముందుకే వెళ్తున్నాం” అన్నాడు. తర్వాత, అడగకుండానే, “నర్సు ఆ కాలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బాగానే ఉన్నారు” అన్నాడు.

ఒంటిగంటకు కంచె మళ్లీ మాయమైంది. ఒంటిగంటా ఐదుకు చూపు మూడు వందల యాభై. ఆ అంకె చూసి ఊపిరి పీల్చుకున్నానని దాచను. అయితే అందులో నా తెలివి పెద్దగా లేదు. మబ్బు మరో పది నిమిషాలు ఆగివచ్చినా నాకు సమాధానం చెప్పుకునే దారి ఉండేది కాదు.

విమానం ఒంటిగంటా ముప్ఫైకి మస్కట్‌లో దిగింది. రెండుంపావు దాటాక ఆసుపత్రి. మూడు కాకముందే రోగిని బల్ల ఎక్కించారు. ఖాదర్ బాషా మరుసటి ఉదయం ఫోన్ చేసి, తొడ నుంచి సిర ముక్క తీసి తెగిన రక్తనాళానికి అతికారని, పాదంలో నాడి తిరిగి వచ్చిందని చెప్పాడు. “ఇంగో గంట పోయింటే మోకాలి కాడికి తీసేసుండేవాళ్లమన్న్యాడు డాక్టరు” అన్నాడు. తర్వాత రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. పాదం దక్కింది.

ఇలాంటి సంఘటన జరిగితే డిస్పాచరు రిపోర్టు రాయాలి. మేనేజర్ నన్ను పిలిపించి ముసాయిదా ఒకటి చూపించాడు. ‘క్లినిక్కు అడిగిన మీదట విమాన ప్రయాణ సమయం సరిగ్గా తెలియజేయడమైనది’ అని ఉంది అందులో. అక్షరం తప్పు లేదు. ఆ వాక్యం ఉంటే నా సర్వీసు రికార్డు మీద మచ్చ పడదు, కంపెనీ మీదా పడదు. నేను దాన్ని తీసేసి, అడిగిన ప్రశ్నకు కాకుండా నాకు తెలిసిన ప్రశ్నకు జవాబు చెప్పానని, దానివల్ల అంబులెన్సు ఆగిపోయిందని, అదనపు ఇంధనం వద్దని కెప్టెన్‌తో వాదించానని రాశాను. మేనేజర్ చదివి, “రెండేళ్లలో రిటైర్ అయ్యేవాడివి, నీకెందుకయ్యా ఇదంతా” అనే అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. సంతకం పెట్టి ఇచ్చాను. లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. అది న్యాయమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

పన్నెండు రోజుల తర్వాత సెలవు మీద మస్కట్‌లో, మత్రాలోని నా రూమ్‌కు వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లాను. అప్పటిదాకా నాకు రోగి పేరు పత్రం మీదే తెలుసు. లింబాద్రి, ముప్ఫై రెండేళ్లు, జగిత్యాల దగ్గరి మనిషి, స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని. కాలు ఇనుప చట్రంలో ఉంది. నేనెవరో చెప్పాను. తిడతాడనే అనుకుని వెళ్లాను.

“గా రోజు ఫోన్ల మాట్లాడింది మీరేనా సారూ? కూసోండ్రి” అన్నాడు.

నొప్పి ఎలా ఉందని అడిగాను. ఇప్పుడు ఫరవాలేదన్నాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

“ఇమానంల పోయింది నాకు సక్కగ యాదికి లేదు సారూ. ఖాదర్ భాయి నా కాలు పట్టుకొని కూసున్నడు, గంతే యాదున్నది. గని గంతకుముందు క్లినిక్కుల మంచం మీద పండవెట్టినప్పుడు మాత్రం అంత యాదున్నది. ముప్పై ఐదు నిమిషాలన్నరని ఖాదర్ భాయి చెప్పిండు. ఎదురుంగ గోడకు గడియారం ఉండె. గదే సూసుకుంట పండ్లు బిగవట్టుకొని ఉన్న. ముప్పై ఐదు అయిపాయె. ఇంకో ముప్పై ఐదు అయిపాయె. ఇగ నాతోని కాలే సారూ. మొత్తుకున్న. ముందుగాలనే మూడు గంటలైతది అని చెప్తె, మూడు గంటలకు సరిపడ దమ్ము కట్టుకొని ఉందు గద.”

ఫిర్యాదులా చెప్పలేదు. జరిగింది చెప్పాడు. నేను క్షమించమని అడిగాను. “మీరేం జేస్తరు సారూ, గా మంచుకు” అన్నాడు. మంచు సంగతి కాదని అతనికి వివరించబోయి, అతనికి అప్పుడు అవసరమైంది అది కాదనిపించి ఊరుకున్నాను. ఆర్నెల్ల తర్వాత కర్ర పట్టుకుని నడుస్తూ ఊరికి వెళ్లాడు. మళ్లీ గల్ఫ్‌కు రాలేదు. ఊళ్లో వెల్డింగ్ షాపులో కూర్చుని చేసే పని చూసుకున్నాడని ఖాదర్ బాషా చెప్పాడు.

ఆ సీజన్ ముగిసేలోపు మా ఆఫీసులో రోగుల కోసం వచ్చే ఫోన్లకు వేరే కాగితం తయారుచేశాను. అందులో ప్రయాణ సమయం అనే గడి ఒక్కటే కాకుండా స్ట్రెచర్ బిగింపు, ఇంధనం, ఎక్కించడం, దించడం, అంబులెన్సు దారి, ఇలా ప్రతిదానికీ గడి పెట్టాను. చివర ‘తెలియనివి’ అని ఒక గడి. దాన్ని ఖాళీగా వదిలేసి సంతకం పెట్టకూడదని కింద రాశాను. మిగిలిన రెండేళ్లూ ఆ కాగితం నింపకుండా నేను ఎవరికీ సమయం చెప్పలేదు. నా తర్వాత వచ్చినవాళ్లు దాన్ని వాడుతున్నారో లేదో తెలియదు.

విమానాశ్రయాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు గాలిలో గడిచే సమయం మొత్తం ప్రయాణంలో చిన్న ముక్క మాత్రమే. మిగతాదంతా నేల మీద, మనుషుల చేతుల్లో, వాతావరణం దయ మీద గడుస్తుంది. ఎంతసేపని అడిగే మనిషికి మన పట్టికలోని అంకెతో పనిలేదు. తాను ఇంకెంతసేపు ఓర్చుకోవాలో తెలుసుకోవడానికి అడుగుతాడు. కాబట్టి జవాబు అతను ఉన్న చోటు నుంచి మొదలుకావాలి, అతను చేరాల్సిన చోట ముగియాలి, మధ్యలో మనకు తెలియనిదేదైనా ఉంటే దాన్నీ కలుపుకుని చెప్పాలి.